ఆయన మాట

ఆస్పత్రి వరండాలో నిలబడి చిలక ఆ అబద్ధం చెప్పి ఐదు రోజులైంది. అబద్ధం చెప్తే అతికినట్టుండాలంటారు. అది ఎంత బాగా అతికిందంటే, ఈ ఐదు రోజుల్లో దాన్ని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆమెకు భయం పుట్టించింది కూడా అదే.

జరిగింది ఇంతే. పిండిమర నడిపే ఆమె భర్తకు నరాల జబ్బు. రెండున్నరేళ్ళ కిందట కుడిచేతి బొటనవేలి దగ్గర మొదలై, చేతుల్నీ కాళ్ళనీ నాలుకనీ గొంతునీ ఒక్కొక్కటిగా లాక్కుపోయింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళు కదులుతాయి, చెవులు వింటాయి. ఇక ఊపిరి వంతు వచ్చింది. ముక్కుకు తగిలించే మాస్కు ఎంతోకాలం చాలదనీ, గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం వేసి, ఇరవై నాలుగు గంటలూ ఊపిరి పోసే మిషన్ పెట్టాలనీ, లేదంటే నెల గడవడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. "పెట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఆయన మనసులో ఏముందో మీకేమైనా తెలుసా అమ్మా?" అని అడిగాడు.

ఆయన లోపల మాస్కు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"మాట పడిపోకముందే చెప్పారండీ. అలాంటివేవీ వద్దన్నారు," అంది చిలక.

పక్కనున్న కొడుకు గోడవైపు తిరిగి ఏడ్చాడు. డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకుని, "అయినా ఇంకోసారి ఆయన్నే అడిగి, గురువారంలోగా ఖాయంగా చెప్పండి," అన్నాడు. ఇంటికొచ్చాక, "నాన్నని మళ్ళీ అడిగి ఏడిపించకురా, ఒకసారి చెప్పేశారు కదా," అని చిలక కొడుకు నోరు కట్టేసింది.

ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు.

ఈరోజు బుధవారం. మధ్యాహ్నం రెండింటికి టీచరమ్మ వచ్చింది. ఆమె అసలు ఉద్యోగం మాట పోయినవాళ్ళకు మాట నేర్పడం. ఇలాంటి జబ్బులవాళ్ళను ఇంట్లో చూసుకునేవాళ్ళకు ఆస్పత్రి వెనక హాల్లో శనివారాలు పాఠాలు కూడా చెప్తుంది కాబట్టి అందరూ టీచరమ్మనే అంటారు. చిలక నాలుగు శనివారాలు వెళ్ళింది, కొడుకు మూడు. నడుం విరగకుండా మనిషిని పక్కకు తిప్పడం ఒకరోజు, పొట్టలోని గొట్టం గుండా గంజి పొయ్యడం ఒకరోజు, గొంతులో పేరుకున్న కఫాన్ని సన్నటి గొట్టంతో లాగడం రెండు రోజులు. ఐదోదీ ఆఖరిదీ అయిన పాఠం మనిషి మంచం దగ్గరే చెప్పాలని టీచరమ్మ స్వయంగా బయల్దేరి వచ్చింది.

ఇల్లు మేడ మీద, మర కింద. కొడుకు మర ఆపి, కనుబొమ్మల మీది పిండి తుడుచుకుంటూ పైకొచ్చాడు. తండ్రి మంచాన పడ్డప్పటినుంచీ వాడే నడుపుతున్నాడు. ఆయన ఆ మర పక్కనే పుట్టాడన్నా తప్పులేదు. ఆయన నోట మిషన్ అన్న మాట ఏనాడూ రాలేదు. మోటారు మరే, కుట్టుమిషన్ మరే, రక్తపోటు చూసే పరికరం కూడా మరే. "ఆ మర పెట్టి చూడు చిలకా," అనేవాడు. ఆ పేరు కూడా ఆయన పెట్టిందే. ఆయన మాట మొదలుపెట్టడం, ఈమె లాక్కుని పూర్తిచెయ్యడం పెళ్ళైన కొత్తల్లోనే అలవాటైంది. "నాకెందుకే నోరు, ఇంట్లో చిలకుండగా," అని పదిమందిలో నవ్వేవాడు. తర్వాత ఊరంతా చిలకనే పిలిచింది.

టీచరమ్మ సంచీలోంచి ఒక అట్ట తీసింది. దానిమీద ఏడు వరసల్లో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. మొదటి వరసలో అచ్చులు, రెండోదాంట్లో క గ చ జ, అలా కిందకి. ఆఖరి వరసలో అక్షరాల బదులు మూడు గళ్ళు: పదం అయిపోయింది, తప్పు, మళ్ళీ.

"ఇన్నాళ్ళూ మీరడిగినదానికి ఆయన అవును, కాదు చెప్పారు," అంది టీచరమ్మ. "పైకి చూస్తే అవును, కళ్ళు మూస్తే కాదు. కానీ మీరడగనిది ఆయన ఎలా చెప్తారు? అందుకే ఇది. వరస నంబరు చదవండి, ఆయన పైకి చూసినచోట ఆగండి. తర్వాత ఆ వరసలో అక్షరాలు చదవండి, మళ్ళీ ఆయన చూసినచోట ఆగండి. ఆ తర్వాత గుణింతం."

"గుణింతమా?"

"అదే, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. చిన్నప్పుడు వల్లించే ఉంటారుగా. ఒత్తులు వదిలెయ్యండి, మనం సర్దుకుందాం. ఒక్కటే నియమం. మధ్యలో అందుకోకూడదు. పదం అయిపోయిందని ఆయన చెప్పేదాకా మీరు నోరు విప్పకూడదు."

"మా అమ్మకది కుదరదండీ," అన్నాడు కొడుకు. వాడు నవ్వాడు. ఆ గదిలో ఎవరైనా నవ్వి నెల రోజులైంది.

చిలక అట్ట పట్టుకుని మంచానికెదురుగా నిలబడింది. ఒకటా, రెండా, మూడా, నాలుగా అని చదివింది. నాలుగు దగ్గర ఆయన కళ్ళు పైకి లేచాయి. ప, బ. ఆగింది. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం. ఆగింది.

"బె," అంది చిలక. "బెంగా? బెంగగా ఉందాండీ?"

ఆయన కళ్ళు మూశాడు.

"అమ్మా," అంది టీచరమ్మ.

చిలక నాలుక కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికీ నిమిషం పట్టింది. ల వచ్చింది. ట వచ్చింది, కొమ్ము వచ్చింది. పదం అయిపోయింది.

"బెలటు," అని చదివాడు కొడుకు. ఒక్క క్షణం అర్థం కాలేదు వాడికి. "బెల్టా నాన్నా? కింద మర బెల్టా?"

కళ్ళు పైకి.

"జారుతోందా?"

కళ్ళు పైకి, గట్టిగా.

"వినపడుతోందా నీకు? ఎన్నాళ్ళనుంచి?" వాడు నవ్వుతూ నవ్వుతూ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "పిండి గరుకుగా వస్తోందని జనం తిడుతుంటే రాయి అరిగిందనుకున్నానండీ. ఈయన మంచంలో పడుకుని వింటూ నన్నెంత తిట్టుకున్నాడో."

చిలక కూడా నవ్వబోయింది. ఆగిపోయింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆయన్ని వంద ప్రశ్నలు అడుగుతుంది. నొప్పా, దాహమా, వేడా, తిప్పనా. ఆ వందలో బెల్టు లేదు. ఇంకా ఏమేం లేవో ఆమెకు బాగా తెలుసు.

"ఇక మీరొక్కరే చెయ్యాలి," అంది టీచరమ్మ లేచి. "నేను ఆయన కళ్ళు చూడను. రేపు నేనుండను కదా." కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుని, వీపు ఇటు పెట్టి, ఫైల్లో ఏదో రాసుకోసాగింది. కొడుకు మంచం తలవైపు నిలబడి తండ్రి మెడ కింద దిండు సర్దుతున్నాడు. వాడికీ ఆ కళ్ళు కనపడవు. ఆ గదిలో ఆయన కళ్ళు కనపడేది చిలకకు ఒక్కదానికే.

"చెప్పండి," అంది.

నాలుగో వరస. ప, బ, మ. ఆగింది. తలకట్టు. "మ," అని పైకి చదివింది.

ఐదో వరస. య, ర. ఆగింది. తలకట్టు. "ర."

దిండు మీద కొడుకు చేతులు ఆగిపోయాయి. "మరణం," అన్నాడు వాడు. "మరణమేనా నాన్నా? దాని గురించేనా చెప్పాలనుకుంటున్నావు?"

ఆయన కళ్ళు మూశాడు. మామూలుగా మూసినట్టు కాదు. రెప్పల చివర ముడతలు పడేటంత గట్టిగా, చేదు మందు వద్దని పసివాడు నోరు బిగించినట్టు బిగించాడు.

చిలకకు రెండో అక్షరం దగ్గరే తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ నోట విన్న మాట అది. తెలిసి కూడా, "అవునంటున్నారు," అంది.

అన్నాక తన గొంతు తనకే వినపడింది. వరండాలో మాట్లాడిన గొంతే అది. అంతే మెత్తగా, అంతే నమ్మకంగా ఉంది.

కొడుకు వెనకనుంచే తండ్రి తల మీద చెయ్యి వేశాడు. "సరే నాన్నా. నీ ఇష్టమే. నిన్ను కష్టపెట్టం." జేబులో ఫోను తడుముకున్నాడు. "డాక్టరు గారికి చెప్పేస్తానమ్మా. రేపటిదాకా ఎందుకు? నాన్నే చెప్పేశాడుగా."

టీచరమ్మ ఇటు తిరిగింది. "ఏం చెప్పేది? దేని గురించి?"

కొడుకు చెప్పాడు. గొంతులో గొట్టం, మిషన్, గురువారం గడువు, మాట ఉన్న రోజుల్లోనే తండ్రి వద్దన్న సంగతి, అన్నీ. టీచరమ్మ ఫైలు మూసింది.

"పదం అయిపోయిందన్నారా ఆయన?" అని చిలకనడిగింది.

చిలక అట్టను కిందికి దించింది.

"ఆయన కళ్ళు మూసి ఉన్నాయేం?"

"నిద్ర పట్టినట్టుంది."

"ఇన్నాళ్ళకి మాట దొరికిన మనిషికి మాట మధ్యలో నిద్ర పట్టదమ్మా," అంది టీచరమ్మ. కోపంగా అనలేదు. మంచం దగ్గరకూ రాలేదు. కుర్చీలోనే కూర్చుని చిలకవైపు చూసింది.

కొడుకు మెట్లవైపు నాలుగడుగులు వేశాడు. ఆ అడుగుల చప్పుడు విని ఆయన కళ్ళు తెరిచాడు. చెమ్మ రెండు చెంపల మీదుగా చెవుల్లోకి కారింది. ఆయన చిలకవైపు చూశాడు, అట్టవైపు చూశాడు, మళ్ళీ చిలకవైపు చూశాడు. తిట్టుంటే బాగుండేది. ఆ చూపులో తిట్టు లేదు. మాట మొదలుపెట్టి, పూర్తిచెయ్యి చిలకా అన్నట్టు ఎదురుచూసే పాత చూపే అది.

"ఆగరా," అంది చిలక.

కొడుకు ఆగాడు.

"కాదన్నారు. కళ్ళు మూశారు. నేనే అవునని చెప్పాను."

వాడికి అర్థమయ్యేలోగా ఆమె అట్ట పైకెత్తింది. ఇక ఎవరి మొహమూ చూడలేదు. వరసలు గట్టిగా, బడిలో పిల్ల వల్లించినట్టు చదివింది. పదం అయిపోయింది దగ్గర ఆయన కళ్ళు పైకి లేచాయి. మర. తర్వాత నాలుగో వరస, ప, ఎత్వం. మూడో వరస, ట, గుడి, సున్న. రెండో వరస, చ, కొమ్ము. పదం అయిపోయింది.

"మర పెట్టించు," అని చదివింది చిలక. "మిషన్ పెట్టించమంటున్నారు. ఆయనకు బతకాలని ఉంది."

కింద మర దగ్గర ఎవరో పిండికోసం వచ్చి షట్టరు తట్టారు. కాసేపు తట్టి వెళ్ళిపోయారు.

"అమ్మా," అన్నాడు కొడుకు. "మరి ఆ రోజు? మాట పడిపోకముందే చెప్పారన్నావు."

"ఏం చెప్పలేదు."

"ఏం చెప్పలేదంటే?"

"ఏం చెప్పలేదురా. నేనే అల్లాను."

వాడు వెనక్కొచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. పిండి అంటిన మొహం పాలిపోయి ఇంకా తెల్లగా ఉంది. "నాన్నని చంపేద్దామనుకున్నావా?"

"నిద్రపోదామనుకున్నాను," అంది చిలక.

అని, అలాగే మంచం అంచున కూర్చుండిపోయింది. తర్వాత మాటలు ఎవరూ అడక్కుండానే వచ్చాయి.

"మూడో శనివారం నువ్వు లేవు. మర తెరవాలని ఒక్క శనివారానికే మానేశావు. ఆ రోజు కఫం లాగడం నేర్పుతున్నారు, రబ్బరు బొమ్మ మీద. మాకు చూపించడానికి వచ్చిన ఒకావిడ నా పక్కన ఉంది. వాళ్ళాయనకు గొంతులో గొట్టం వేసి నాలుగేళ్ళట. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ బొమ్మకు గొట్టం వేసింది. ఎలా చేశావమ్మా అంటే, చప్పుడు చాలు, కళ్ళెందుకు అంది. నిద్రలో కూడా ఆ చప్పుడుకే లేస్తానంది. మీ ఆయన బాగున్నారా అంటే, ఆయన బాగానే ఉన్నాడు, నేనెక్కడున్నానో నాకే తెలీట్లేదంది. ఆవిడది నా వయసేరా. డెబ్భై ఏళ్ళదానిలా ఉంది. చేతులు చూశాను. ఆ గోళ్ళూ, ఆ పగుళ్ళూ. ఇంటికొస్తూ బస్సులో నా చేతులు చూసుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? మీ నాన్న బతికితే నేను చస్తానని చెప్పనా? నోటితో అనే మాటేనా అది? ఆయన మాటగా చెప్తే అందరూ కళ్ళకద్దుకున్నారు. నా మాటగా చెప్తే ఎవరైనా ఊరుకుంటారా? నువ్వు ఊరుకుంటావా? ఇప్పుడే అన్నావుగా."

"నేను చూసుకుంటాను నాన్నని," అన్నాడు కొడుకు. "నువ్వు పడుకో. అంతా నేనే చూస్తాను."

"మర ఎవరు చూస్తారు?"

"మూసేస్తాను."

"మూసేసి ఏం తింటాం?"

వాడు ఏదో అనబోయి, తండ్రి వింటున్న సంగతి గుర్తొచ్చి ఆగాడు. ఆయన కళ్ళు ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతున్నాయి. తన ప్రాణం గురించి తన మంచం మీదుగా జరుగుతున్న పోట్లాట అది. చెవులు మూసుకోవడానికి చేతులు లేవు ఆయనకు. కొడుకు ఫోను పిడికిట్లో బిగించి, మెట్లు దబదబ దిగి వెళ్ళిపోయాడు.

టీచరమ్మ లేచి, కఫం లాగే మిషన్ ఆన్ చేసి, ఆయన గొంతులో గురకలా వస్తున్న దాన్ని లాగేసింది. చిలక లేవలేకపోయింది. అది గమనించే టీచరమ్మ ఆ పని చేసింది. మిషన్ ఆపి చేతులు కడుక్కుంటూ అంది.

"వద్దనే హక్కు మీకు లేదమ్మా. ఆ మాట ఆయనదే. కానీ నా వల్ల కాదు అనే హక్కు ఉంది. అది చెప్పడానికి మీకెవరూ చోటివ్వలేదు. మా పాఠాల్లో కూడా లేదు. గొట్టం ఎలా వెయ్యాలో నేర్పాను, మీరెలా ఉన్నారని ఒక్కసారీ అడగలేదు. తప్పు నాదీ ఉంది."

"ఇప్పుడడిగి ఏం లాభం?"

"ఏమో. నాకూ తెలీదు. ఒకటి మాత్రం చెప్తాను. మిషన్ పెట్టాక ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. నేర్చుకున్నవాళ్ళు కనీసం ఇద్దరుండాలి. నాలుగేళ్ళుగా ఒక్కతే చేస్తోందే ఆవిడ, ఆవిణ్ణి చూసి అది మామూలనుకోవద్దు. అది మామూలు కాదు."

చిలక భర్తవైపు తిరిగింది. చెవుల్లోకి కారిన చెమ్మ కొంగుతో అద్దింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన ముందు ఇంతగా సిగ్గుపడింది లేదు.

"వరండాలో నేను చెప్పింది విన్నారా?" అని అడిగింది. "నిద్రపోతున్నారనుకున్నాను."

కళ్ళు పైకి.

ఐదు రోజులూ తెలుసన్నమాట. ఐదు రోజులూ ఆమె చేత్తోనే గంజి పోయించుకున్నాడు, ఆమె తిప్పితే తిరిగాడు, ఆమె కళ్ళలోకి చూశాడు. అట్ట చేతికొచ్చిన రోజున, మొదటి మాటగా బెల్టు సంగతి చెప్పాడు.

"కోపంగా ఉందా?"

ఆయన పైకీ చూడలేదు, కళ్ళూ మూయలేదు. అట్టవైపు చూశాడు.

చిలక అట్ట అందుకుంది. మూడో వరస, న, గుడి దీర్ఘం. రెండో వరస, క, కొమ్ము. నీకు. పదం అయిపోయింది. నోటిదాకా వచ్చిన పది మాటల్ని మింగేసింది. నీకు సిగ్గులేదా, నీకు మనసెలా వచ్చింది, నీకు నేనేం తక్కువ చేశాను. ఏదైనా కావచ్చు. ఒకటో వరస, చివరికంటా చదివింది. ఓ. నాలుగో వరస, ప, గుడి. రెండో వరస, క. పదం అయిపోయింది. తర్వాతి మాటకు ఉ వచ్చింది, సున్న. ద వచ్చింది, దీర్ఘం.

మెల్లగా, పెదవులు కదిలీ కదలకుండా చదువుకుంది.

నీకు ఓపిక ఉందా.

టీచరమ్మ వినలేదు, లేక విననట్టు ఉండిపోయింది. చిలక అట్ట ఒళ్ళో పెట్టుకుంది. బతకాలని ఉన్న మనిషి, అడగాల్సిన చోట అడుగుతున్నాడు. జవాబుకోసం ఆయన కళ్ళు రెప్ప వెయ్యకుండా ఆమె మొహం మీదే ఉన్నాయి. అవునంటే అది మరో అబద్ధమవుతుందేమో. కాదంటే ఆయన ఒప్పుకుంటాడు. కాదంటే మర వద్దని ఆయనే అక్షరం అక్షరం కూర్చి చెప్తాడు, అప్పుడది నిజంగా ఆయన మాటే అవుతుంది. ఆయన సంగతి ఆమెకు తెలీనిది కాదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోను ముందుకు చాపాడు.

"డాక్టరు గారు లైన్లో ఉన్నారు. నాన్న పెట్టించమన్నాడని చెప్పాను. నీతో మాట్లాడాలట."

చిలక ఫోను చెవికి ఆనించుకుంది.

"అమ్మా, సరే, మంచిది," అంది డాక్టరు గొంతు. "రేపు పొద్దున్నే తీసుకురండి. ఒక కాగితం ఇప్పుడే నింపాలి. ఇంటికెళ్ళాక రాత్రీ పగలూ ఆ మిషన్ బాధ్యత తీసుకునే మనిషి ఎవరో అందులో రాయాలి. ఆ పేరు లేకపోతే గొట్టం వెయ్యడానికి మావాళ్ళు ఒప్పుకోరు. ఎవరి పేరు రాయమంటారు?"

గుమ్మంలోంచి కొడుకు, కిటికీ దగ్గర్నుంచి టీచరమ్మ, మంచం మీంచి ఆయన, ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు.

చిలక భర్త కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచింది.